18 శాతం ప్రొటీన్ దాణా పెట్టినా సీమపందులు ఎందుకు ఎదగడం లేదు?

మీరు రాసింది నాకు అర్థమైనట్టు ముందు ఒకసారి చెబుతాను. తిరుపతి టీ-17 రకం పిల్లలు 30 తెచ్చారు. తెచ్చినప్పుడు సగటు బరువు 12 కిలోలు. అయిదు నెలలు గడిచాక తూకం వేస్తే సగటు 55 కిలోలే వచ్చింది. దాణా ఇంట్లోనే కలుపుతున్నారు: వంద కిలోలకు నూకలు 35, తవుడు 35, వేరుశనగ చెక్క 27, మిగతాది మినరల్ మిక్చర్, ఉప్పు. ఇప్పటిదాకా 56 క్వింటాళ్ల దాణా అయిపోయింది. ల్యాబ్‌కు పంపితే ప్రొటీన్ 18 శాతం పైనే ఉందన్నారు. బేరగాడు వచ్చి వీపు మీద చెయ్యేసి చూసి, కొవ్వు తప్ప కండ లేదని రేటు తగ్గించాడు. దాణా కొట్టాయన ప్రొటీన్ 22 శాతానికి పెంచమంటున్నాడు. ఇంకెవరో లైసిన్ పొడి కలపమన్నారు, అది హార్మోనేమోనని మీకు టెన్షన్. పైగా ఇదే చెక్కతో మీ గేదెలు పాలు బాగానే ఇస్తున్నాయి కదా, పందులకేమొచ్చింది అని అడిగారు.

గేదెల సంగతితోనే మొదలుపెడతాను. మిగతావన్నీ దాని వెంటే వస్తాయి.

గేదె తిన్న చెక్క నేరుగా గేదెకు అందదు. నెమరు వేసే పెద్ద పొట్టలో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులుంటాయి. ముందు అవి ఆ చెక్కను విరగ్గొట్టి, తమ ఒళ్లు తాము కట్టుకుంటాయి. తర్వాత అవే కిందికి జారి పేగుల్లో అరుగుతాయి. అంటే గేదెకు చాలావరకు దక్కేది వేరుశనగ ప్రొటీన్ కాదు, సూక్ష్మజీవుల ప్రొటీన్. అందులో అన్ని అమైనో ఆమ్లాలూ చక్కటి పాళ్లలో ఉంటాయి. అందుకే గేదె దాణాలో చెక్క నాణ్యత కొంచెం అటూ ఇటూ అయినా నడిచిపోతుంది. కొద్దిగా యూరియా కలిపినా ఆ సూక్ష్మజీవులు దాన్ని వాడుకోగలవు.

పందిది మనలాంటి పొట్టే, ఒకటే గది. దాణాలో ఏ పాళ్లలో పెడితే ఆ పాళ్లలోనే రక్తంలోకి వెళ్తుంది. మధ్యలో సరిచేసి పెట్టే వంటవాడు లేడు. పాడి అనుభవంతో పందుల్లోకి వచ్చిన చాలామంది మొదట పడే గొయ్యి ఇదే. నేనూ పడ్డాను.

ఇప్పుడు ప్రొటీన్ సంగతి. పాతకాలం ప్రెస్సులో శుభలేఖలు అచ్చు వేసేటప్పుడు సీసం అక్షరాలు ఏరి పేర్చేవారు, మీరు చూశారో లేదో. ఒక్కో శుభలేఖకు ‘శ్రీ’ ఆరు సార్లు కావాలనుకోండి. అరలో ‘శ్రీ’లు పన్నెండే ఉంటే, మిగతా అక్షరాలు గంపలకొద్దీ ఉన్నా ఒకేసారి రెండు శుభలేఖలకు మించి పేర్చలేం. కండ కట్టడమూ అంతే. ప్రొటీన్ అంటే ఇరవై రకాల అమైనో ఆమ్లాలు వరసగా గుచ్చిన దండ. వాటిలో తొమ్మిదింటిని పంది తన ఒంట్లో సొంతంగా తయారు చేసుకోలేదు, దాణాలోనే రావాలి. ధాన్యాలు, తవుడు, చెక్కలతో కలిపే దాణాలో ఈ తొమ్మిదిలో అందరికంటే ముందు అయిపోయేది లైసిన్. పంది ఒంటి ప్రొటీన్‌లో వంద గ్రాములకు లైసిన్ సుమారు 7 గ్రాములుంటుంది. మనం పెట్టే గింజల్లో అంత ఉండదు.

ప్రెస్సుకూ పందికీ ఒక తేడా ఉంది. ప్రెస్సులో మిగిలిన అక్షరాలు రేపటికి పనికొస్తాయి. పంది ఒంట్లో అమైనో ఆమ్లాలకు అర లేదు. లైసిన్ అయిపోగానే మిగిలినవాటిని కాలేయం విరగ్గొడుతుంది. నత్రజని యూరియాగా మారి మూత్రంలో పోతుంది, మిగిలిన భాగం శక్తిగా ఖర్చవుతుంది లేదా కొవ్వుగా చేరుతుంది. మీ బేరగాడి చేతికి తగిలిన కొవ్వు అక్కడి నుంచి కొంత, కండ కట్టడానికి వాడుకోలేక మిగిలిపోయిన నూకల పిండి నుంచి ఎక్కువ వచ్చింది. పంది తిండి తగ్గలేదు, శక్తి తగ్గలేదు, కండ కట్టే సరుకు మాత్రం తగ్గింది.

మీ దాణా లెక్క వేద్దాం. ప్రతి దినుసు ప్రొటీన్‌లోనూ వంద గ్రాములకు లైసిన్ ఎంతో చూడండి: సోయా చెక్కలో 6 గ్రాముల పైన, తవుడులో 4 నుంచి 4.5, నూకల్లో 3.5, వేరుశనగ చెక్కలోనూ 3.5 దగ్గరే, మొక్కజొన్నలో 3, తెలగపిండిలో 2.5. వేరుశనగ కూడా పప్పు జాతే కదా, కందిపప్పులా ఉండాలి కదా అని చాలామంది అనుకుంటారు. అన్నానికి పప్పు తోడైతే లోటు తీరడానికి కారణం కందుల్లో, పెసల్లో లైసిన్ ఎక్కువగా ఉండటమే. వేరుశనగ ఆ విషయంలో పప్పుల కంటే ధాన్యాలకే దగ్గర. కాబట్టి మీ పందులు అయిదు నెలలుగా తింటున్నది పప్పు లేని అన్నం. ఎంత పెట్టినా పప్పు లేనిదే.

మీ పాళ్ల ప్రకారం దాణాలో మొత్తం లైసిన్ సుమారు 0.7 శాతం. అదీ అంతా అరగదు. వేరుశనగ చెక్కలోది, తవుడులోది ముప్పావు వంతే పేగుల్లో అరిగి ఒంటికి పడుతుంది. అరిగే లైసిన్ లెక్కేస్తే 0.53 శాతం దగ్గర తేలుతుంది. ఇకపై నేను లైసిన్ అన్న చోటల్లా ఈ అరిగే లైసినే అనుకోండి. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2012లో వేసిన పట్టికలో 25 నుంచి 50 కిలోల పందికి ఇది 0.98 శాతం ఉండాలి. 50 నుంచి 75 కిలోలకు 0.85, 75 నుంచి 100 కిలోలకు 0.73, ఆపైన 0.61. అంతకంటే చిన్నవాటికి, అంటే 11 నుంచి 25 కిలోల పిల్లలకు 1.23. మీరు 12 కిలోల పిల్ల దగ్గర మొదలుపెట్టి అన్నిటికీ 0.53 పెట్టుకుంటూ వచ్చారు. పసిపిల్లల వయసులోనే అందరికంటే ఎక్కువ నష్టం జరిగింది.

ఈ లెక్క కాగితం లెక్కేనా, నిజంగా షెడ్డులో కనపడుతుందా అన్న అనుమానం రావచ్చు. ఒక మోటు సూత్రం ఉంది: మాంసం రకం పంది ఒక కిలో బరువు పెరగాలంటే సుమారు 20 గ్రాముల అరిగే లైసిన్ కావాలి. మీరు 56 క్వింటాళ్లు 30 పందులకు 150 రోజులు పెట్టారు, పందికి రోజుకు కిలోంపావు పడింది. అందులో లైసిన్ 6.6 గ్రాములు. 20తో భాగిస్తే రోజుకు 330 గ్రాముల పెరుగుదల. మీ త్రాసు చెప్పింది 43 కిలోలు 150 రోజుల్లో, అంటే రోజుకు 287 గ్రాములు. తేడా ఉన్న ఆ కొంచెం నేలపాలైన దాణాకో, పురుగులకో వదిలేయండి. మీ పందులు మీరిచ్చిన లైసిన్‌కు తగ్గట్టు ఎదిగాయి. వాటిని తిట్టాల్సిన పని లేదు.

ఇదే కిలోంపావు దాణాలో లైసిన్ 0.95 శాతం ఉండి ఉంటే 12 గ్రాములు దగ్గర అందేది. కాగితం మీద రోజుకు 590 గ్రాములు. మన ఎండలు, మన షెడ్లు చూసుకుంటే 500 వచ్చినా నేను సంతోషిస్తాను.

ఇప్పుడు 22 శాతం సలహా. దయచేసి ఆ పని చేయకండి. కొత్తలో నాకూ ఒకాయన ఇదే చెప్పాడు, నేను విని వేరుశనగ చెక్క 40 కిలోల దాకా ఎక్కించాను. వారం తిరక్కుండానే షెడ్డులోకి అడుగు పెడితే కళ్లు మండేవి. అమ్మోనియా ఘాటు. పందులు నీళ్లు విపరీతంగా తాగేవి, నేల ఎప్పుడూ తడే, సగానికి పైగా దగ్గు. చైత్ర వైశాఖాల్లో మేత సగానికి సగం మానేశాయి. ఎక్కువైన ప్రొటీన్‌ను విరగ్గొట్టి బయటికి తోయడానికి ఒంట్లో వేడి పుడుతుంది. పందికి చెమట దాదాపు పట్టదు, ఆ వేడిని దించుకునే దారి లేక తిండి తగ్గించుకుంటుంది. లైసిన్ మాత్రం కొంచెమే పెరిగింది. ఖర్చు పెరిగింది, కంపు పెరిగింది, బరువు పెరగలేదు. దీనికి తిరగేసి చూస్తే, దాణాలో ప్రొటీన్ ఒక్క శాతం తగ్గించి లోటును అమైనో ఆమ్లాలతో పూడిస్తే మలమూత్రాల్లో పోయే నత్రజని ఎనిమిది పది శాతం తగ్గుతుంది. ఊరికి దగ్గరగా షెడ్డు ఉండి పక్కవాళ్లతో రోజూ గొడవ పడేవారికి ఇది చిన్న సంగతి కాదు.

ల్యాబ్ కాగితం గురించి ఒక మాట. అక్కడ కొలిచేది నత్రజనిని. దాన్ని 6.25తో గుణించి ప్రొటీన్ అని రాస్తారు. చెక్కలో ఎవరైనా యూరియా కలిపినా ఆ కాగితంలో ప్రొటీన్ పెరిగినట్టే కనిపిస్తుంది. నాకు ఒకసారి ఒక వ్యాపారి దగ్గర కొన్న చెక్క అలాగే ‘బ్రహ్మాండంగా’ తేలింది, పందులు మాత్రం ముట్టలేదు. ప్రొటీన్ అంకె అబద్ధమని కాదు, మీ ప్రశ్నకు అది జవాబు చెప్పదు.

లైసిన్ పొడి హార్మోన్ కాదు, స్టెరాయిడ్ కాదు, మందు కూడా కాదు. పప్పులో, పాలలో, చేపలో ఉండే అదే అమైనో ఆమ్లం. బెల్లం మడ్డి లాంటి తీపి ద్రవాన్నో మొక్కజొన్న పిండి నుంచి తీసిన చక్కెరనో ఒక బాక్టీరియాకు మేతగా పెట్టి పులియబెడతారు, అది లైసిన్‌ను తయారు చేసి బయటికి వదులుతుంది. ఇడ్లీ పిండి పులియడం లాంటిదే, పద్ధతి పెద్దది. ఈ బాక్టీరియాను జపాన్ వాళ్లు 1950ల్లో వంటల్లో రుచికి వేసే పొడి కోసం వెతుకుతూ పట్టుకున్నారు. దాని తోబుట్టువులతోనే తర్వాత లైసిన్ కూడా తీయడం మొదలైంది. కోళ్ల ఫారాల వాళ్లకు ఇది పాత చుట్టమే. మీ దగ్గర కోళ్ల దాణా మందులు అమ్మే కొట్టులో అడిగితే 25 కిలోల సంచి దొరుకుతుంది. సంచి మీద చూడాల్సింది ఒకటే: ఎల్-లైసిన్ హైడ్రోక్లోరైడ్ అయితే కిలోలో అసలు లైసిన్ 780 గ్రాములు. లైసిన్ సల్ఫేట్ అయితే 550 దగ్గర. సల్ఫేట్ చవగ్గా ఉందని సంతోషపడేముందు ఈ లెక్క వేసుకోండి.

ఇక కలిపే పాళ్లు. వచ్చే బ్యాచ్‌కు, 25 నుంచి 50 కిలోల వయసులో, వందకు మొక్కజొన్న 45, నూకలు 12, తవుడు 15, సోయా చెక్క 25 వేయండి. దానికి లైసిన్ హైడ్రోక్లోరైడ్ 200 గ్రాములు, ఇంకో రెండు అమైనో ఆమ్లాలు: మెథియోనిన్ 50 గ్రాములు, త్రియోనిన్ 30 గ్రాములు. మిగిలింది మినరల్ మిక్చర్, ఉప్పు, విటమిన్లు. దీన్ని ల్యాబ్‌కు పంపితే ప్రొటీన్ ఎంత వస్తుందో తెలుసా? మళ్లీ అదే 18. కానీ లైసిన్ 0.53 నుంచి 0.95కు వెళ్లింది. అదే అంకె, రెండు వేరే దాణాలు. ఈ ఒక్క పోలిక మీ దాణా కొట్టాయనకు చూపించండి.

మెథియోనిన్, త్రియోనిన్ ఎందుకంటే, ‘శ్రీ’ల కొరత తీర్చగానే కొరత ఇంకో అక్షరానికి మారుతుంది. లైసిన్‌ను 100 అనుకుంటే త్రియోనిన్ 60 పైన, మెథియోనిన్ సిస్టీన్ రెండూ కలిపి 57 దగ్గర, ట్రిప్టోఫాన్ 17 లేదా 18, వాలీన్ 65 దాకా ఉండాలి. పేగుల లోపలి జిగురు పొర తయారీకి త్రియోనిన్ ఎక్కువ ఖర్చవుతుంది. నేల మురికిగా ఉన్నా, విరేచనాలు అవుతున్నా, పీచు ఎక్కువున్నా దాని అవసరం ఇంకా పెరుగుతుంది. ట్రిప్టోఫాన్ తగ్గితే ఆకలి చచ్చిపోతుంది, పంది తొట్టి దగ్గరికి వచ్చి వాసన చూసి వెళ్లిపోతుంది. సోయా ఉన్న దాణాలో ట్రిప్టోఫాన్, వాలీన్‌ల బెంగ మనకు ఉండదు. సోయాను బాగా తగ్గించి అంతా లైసిన్ పొడితో నడిపిద్దామనుకునేవాళ్లకే ఆ బెంగ.

ఎంతవరకు తగ్గించవచ్చు? వంద కిలోల దాణాలో 5 కిలోల సోయా తీసేసి, బదులు 4 కిలోల 850 గ్రాముల మొక్కజొన్న, 150 గ్రాముల లైసిన్ వేస్తే లైసిన్ లెక్క సరిపోతుంది. నేనిచ్చిన పాళ్లలో ఆ వెసులుబాటు ఇప్పటికే వాడేశాను. సోయా, మొక్కజొన్న, లైసిన్ ధరలు మీ ఊళ్లో ఆ వారం ఎంతున్నాయో పెట్టి మీరే చూసుకోండి, ఎక్కువసార్లు పొడి వైపే మొగ్గుతుంది. అంతకంటే ఇంకా సోయా తీయాలంటే త్రియోనిన్, మెథియోనిన్ కూడా అంతే పెంచుకుంటూ పోవాలి.

75 కిలోలు దాటాక మొక్కజొన్న 50, తవుడు 29, సోయా 18, లైసిన్ 100 గ్రాములు చాలు. వయసు పెరిగేకొద్దీ శాతం తగ్గించడం చూసి కొందరు కంగారు పడతారు. పంది అప్పటికి రెండున్నర కిలోలు తింటుంది, రోజుకు అందే గ్రాములు తగ్గవు. ఈ దశలో పచ్చి తవుడు ముప్పైకి మించనివ్వకండి. మించితే కొవ్వు మెత్తబడి జారుతుంది, బేరగాడికి ఇంకో సాకు. పాత తవుడు ముక్క వాసన వస్తే అసలు వేయకండి.

ఇప్పుడు షెడ్డులో ఉన్న 55 కిలోల పందుల సంగతి. వేరుశనగ చెక్క స్టాకు ఉందన్నారు, పారేయమనను. ఇప్పటి దాణాకే వందకు 300 గ్రాముల లైసిన్, 50 గ్రాముల త్రియోనిన్ కలపండి. లైసిన్ 0.76 దాకా వస్తుంది. పూర్తి విదేశీ రకానికి ఇంకొంచెం కావాలి. మీ టీ-17లో మూడు వంతులు లార్జ్ వైట్ యార్క్‌షైర్, ఒక వంతు నాటు రక్తం ఉంది, ఈ వయసులో వీటికిది సరిపోతుంది. అచ్చమైన నాటు పందులకు ఇంత కూడా అక్కర్లేదు. వాటికి కండ కట్టే శక్తే తక్కువ, ఎక్కువ పెట్టింది మూత్రంలో పోతుంది. మీవాటిలో రెండు మూడు వారాల్లో తేడా కనిపించాలి. ఆకలిగా ఉన్న కండ లైసిన్ దొరకగానే కొంత వేగంగా కోలుకుంటుంది. పోయిన అయిదు నెలలు మొత్తం తిరిగి రావు, ఆ ఆశ పెట్టుకోకండి.

కానీ ఆ చెక్క చూసి వాడండి. వేరుశనగ చెక్కకు వానాకాలంలో బూజు పడుతుంది, దాంట్లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం చేరుతుంది. పందికి, ముఖ్యంగా పిల్లలకు, అది కాలేయం మీద దెబ్బ. గడ్డలు కట్టినా, పచ్చగా బూజు కనిపించినా, మట్టి వాసన వచ్చినా ఒక్క కిలో కూడా వద్దు. ఎన్ని అమైనో ఆమ్లాలు కలిపినా చెడిన కాలేయంతో కండ కట్టదు.

కలపడం దగ్గరే చాలామంది చెడగొట్టుకుంటారు. వంద కిలోల్లో 200 గ్రాములంటే రెండు గుప్పెళ్లు. పైన చల్లి పారతో రెండుసార్లు తిప్పితే ఒక తొట్టిలో అంతా, ఇంకో తొట్టిలో సున్నా. ముందు పొడులన్నిటినీ రెండు కిలోల మొక్కజొన్న పిండిలో చేత్తో బాగా కలపండి. దాన్ని పది కిలోల్లో కలపండి. ఆ పదినీ మిగతా కుప్పలో. వంటింటి త్రాసు ఒకటి కొనుక్కోండి, గ్లాసులతో కొలవద్దు.

మీరు నూకలు ఉడికించి జావలా పెడతానన్నారు. లైసిన్‌ను ఉడికే దాంట్లో వేయకండి. వేడిలో లైసిన్ పిండిలోని చక్కెరలతో అతుక్కుపోతుంది, ఆ అతుకును పంది విడదీయలేదు. జావ చల్లారాక తొట్టిలో పోసేముందు కలపండి. సోయా చెక్క కొనేటప్పుడూ ఇదే చూపు. లేత పసుపు రంగులో ఉండాలి. ముదురు గోధుమ రంగుకు మాడినదాన్లో ప్రొటీన్ అంకె తగ్గదు, అరిగే లైసిన్ తగ్గిపోతుంది. అలాగని పచ్చి సోయా గింజలు కూడా పనికిరావు. ప్రొటీన్ అరగనివ్వని పదార్థాలు వాటిలో ఉంటాయి, వేయించాకే వాడాలి. ఈమధ్య ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే డీడీజీఎస్ (గింజలు పులియబెట్టాక మిగిలే ఎండు పిప్పి) చవగ్గా దొరుకుతోందని, ప్రొటీన్ బోలెడని అమ్ముతున్నారు. రంగు చూడండి. నల్లగా మాడితే లైసిన్ సగం పోయినట్టే. మొక్కజొన్నతో చేసిందాంట్లో లూసిన్ మరీ ఎక్కువ, అది వాలీన్, ఐసోలూసిన్‌లను ఒంటికి సరిగా పట్టనివ్వదు. పెద్ద పందులకు పది కిలోల దాకా సరే, అంతకుమించి నేను వేయను.

రోజుకు ఒక్కసారే దాణా పెట్టే అలవాటుంటే మానండి. పొడి రూపంలోని లైసిన్ పేగుల్లో వెంటనే ఇంకిపోతుంది, చెక్కలోని అమైనో ఆమ్లాలు అరిగి రావడానికి టైమ్ పడుతుంది. ఒక్క పూట పెడితే లైసిన్ ముందొచ్చి, తోడు లేక ఖర్చయిపోతుంది. మూడు పూటలు పెట్టండి. తొట్టిలో ఎప్పుడూ దాణా ఉండేలా చూడగలిగితే ఇంకా మంచిది.

ఎండాకాలంలో పగలు అవి తినవు. తెల్లవారుజామున అయిదింటికి, రాత్రి తొమ్మిదింటికి పెట్టండి, మధ్యాహ్నం ఒంటి మీద నీళ్లు చల్లండి. తక్కువ తింటాయి కాబట్టి దాణాలో లైసిన్ శాతాన్ని పదోవంతు పెంచండి, చెక్క పెంచి కాదు, పొడి పెంచి. విత్తులు కొట్టించిన మగవాటినీ ఆడవాటినీ వేరే గదుల్లో పెట్టగలిగితే పెట్టండి. మగవి ఎక్కువ తిని త్వరగా కొవ్వు పడతాయి, చివర్లో వాటికి తక్కువ లైసిన్ దాణా సరిపోతుంది. ఆడవి తక్కువ తిని కండ ఎక్కువ కడతాయి, వాటికి ఆ శాతం కాస్త ఎక్కువుండాలి. నట్టల మందు తాగించి ఎన్నాళ్లయిందో మీరు రాయలేదు. పట్టించకపోతే ముందు అది చేయండి, పశువైద్యుణ్ని అడిగి.

హోటల్ ఎంగిలి గురించి కూడా అడిగారు. అందులో ముప్పావు వంతుకు పైగా నీళ్లే, మిగిలింది అన్నం, సాంబారు. పొట్ట నిండుతుంది, లైసిన్ అందదు, అంటే ఇప్పుడు మీకున్న జబ్బే మళ్లీ. ఖర్చు తగ్గుతుందని వాడేవాళ్లుంటే వాడనివ్వండి, కానీ అరగంట తెర్లేలా ఉడికించకుండా మాత్రం వద్దు. 2020లో మన దేశంలోకి ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చింది. పంది మాంసం కలిసిన ఎంగిలి దానికి రాచబాట, మందు లేదు, వచ్చిన షెడ్డు ఖాళీ అవుతుంది. నేను మాత్రం ఎంగిలి మానేశాను.

ఎండు చేపల గురించి: లైసిన్‌కు చేప చాలా మంచి దినుసు. పాలు మానిన పిల్లలకు, 12 నుంచి 25 కిలోల వరకు, వందకు అయిదు కిలోల మంచి చేపపొడి వేస్తే వాటి ఎదుగుదలే వేరు. ఆ వయసులో సోయా ఒక్కసారిగా ఎక్కువైతే పారుకుంటాయి కూడా. అయితే రేవుల్లో దొరికే ఎండు చేపల్లో ఉప్పు, ఇసుక ఎక్కువ. ఉప్పు చేప వేసిన రోజు దాణాలో ఉప్పు మానండి, నీళ్లు ఎప్పుడూ ఉండాలి. అమ్మకానికి ముందు నెల రోజులు చేప వద్దు, మాంసానికి నీచు వాసన పడుతుంది.

లైసిన్ ఎన్ని రోజుల ముందు ఆపాలి, మాంసం రుచి మారుతుందా అన్నారు. ఆపాల్సిన పని లేదు, మాంసంలో ‘మిగిలేది’ ఏమీ ఉండదు, అదే మాంసం. రుచి విషయంలో మాత్రం తమాషా ఉంది. చివరి రోజుల్లో లైసిన్ కావాలనే తగ్గిస్తే కండ మధ్యలో సన్నటి కొవ్వు చారలు పెరుగుతాయి, అలాంటి మాంసం ఇష్టపడే మార్కెట్లకు కొన్ని దేశాల్లో అలా చేస్తారు. మీ బేరగాడు ఆ రకం కాదు, వీపు కొవ్వు చూసి రేటు కోసేవాడు. మీరు చివరిదాకా పెట్టండి.

రేపు పొద్దున దాణా పెట్టకముందు ఆరు పందులకు గుర్తు వేసి తూకం రాసుకోండి. మళ్లీ పదిహేనో రోజు అదే వేళకు అవే ఆరింటిని తూకం వేసి, మధ్యలో ఎంత దాణా అయిందో కలిపి ఇక్కడే రాయండి. రోజుకు 550 గ్రాములు దాటకపోతే దాణా వదిలేసి నట్టలు, నీళ్లు, చోటు చూద్దాం.